గైడు వద్దన్న మా ఆడబిడ్డ

నేను ఆళ్లగడ్డకు కాపురానికొచ్చే నాటికి మా ఆడబిడ్డ లూదియా పలక చంకన పెట్టుకొని బడికి పోయే పిల్ల. అత్త అప్పటికే చనిపోయింది. మామ పొద్దున చేనికి పోతే చీకటి పడినాకనే ఇల్లు చేరేవాడు. ఇంక ఆ పిల్లకు తల దువ్వింది నేను, పేలు చూసింది నేను, జరమొస్తే ముక్కు మూసి మిరియాల కషాయం తాపింది నేను. వదినా ఆడబిడ్డలు ఒక కప్పు కింద ఉంటే ఉప్పూ నిప్పూ అంటారు లోకంలో. మా ఇంట్లో ఉప్పూ నేనే, నిప్పూ నేనే. ఆ పిల్లకు ఎదురు చెప్పే సందు నేనిస్తే గదా!

నేను చదివింది రెండో తరగతి. ఎవరూ నవ్వాల్సిన పనిలేదు. ఆ కాలపు రెండో తరగతి అది. బైబిలు వాక్యం తప్పులేకుండా చదువుతా, ఉత్తరం రాస్తా, బోర్డు చూసి బస్సెక్కుతా. మా ఆయన అయిదు చదివినాడు, అయినా బోర్డు నన్నే చదవమంటాడు.

మా చర్చిలో పిల్లలకు ఆదివారం బడి ఉంటుంది. దాంట్లో కంఠత వాక్యమని ఒక పద్ధతి. వారానికొక వాక్యం నోటికి నేర్చుకొని, మరుసటి ఆదివారం అందరి ముందర చేతులు కట్టుకొని ఒప్పజెప్పాల. అర్థం ఎవరూ అడగరు. అక్షరం పోకూడదు, అంతే. లూదియా దాంట్లో దిట్ట. ఒక క్రిస్మసుకు అన్నిటికంటే పొడుగు కీర్తన మొత్తం ఒక్క చోట తడబడకుండా చెప్పేసింది. పాస్టరమ్మ కండ్లు తుడుచుకునింది. పూలబొమ్మల పింగాణీ పళ్లెం బహుమతిచ్చినారు. ఆ కీర్తన నేర్పించింది ఎవరు? వేలు వరస కింద పెట్టుకొని, ఒక అక్షరం తప్పితే నెత్తిన మొట్టికాయ వేసింది ఎవరు? ఆ సంగతి పాస్టరమ్మ చెప్పలేదు గాబట్టి నేనే చెప్పుకుంటాండా.

నంద్యాల కాలేజీలో బి.ఎస్సీ. చేరినాక కూడా మాది అదే పద్ధతి. అప్పట్లో ఆమె చదువు తెలుగులోనే. శనివారం హాస్టలు నుంచి ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కొని అరుగు మీద కూర్చుంటే, లెక్కల పుస్తకం నేను పట్టుకునేదాన్ని. ఒక్కో సిద్ధాంతానికీ ఒక్కో రుజువంట. ఆమె కండ్లు మూసుకొని, కీర్తన చెప్పిన రాగంలోనే రుజువు చెప్పేది. ఆ గీతలూ కొక్కేలూ నాకేం తెలుసు? తెలియకపోయినా తప్పు మాత్రం వదిలిపెట్టలేదు. "ఆడ కొక్కెం కిందికి తిరిగిందే, నువ్వు చెప్పలేదు" అంటి. ఆమె నాలిక కరుచుకునేది. అట్ల మేమిద్దరం కలిసి బి.ఎస్సీ. ఫస్టు క్లాసులో పాసైతిమి. సర్టిఫికెట్లో ఆమె పేరొక్కటే వేసినారు.

డెబ్బై అయిదులో ఆళ్లగడ్డలోనే చిన్నపిల్లల బడిలో టీచరైంది. మా ఇంట్లో అది పెద్ద పండగ. ఆ పండగ ఆ పిల్లకు ఏడాది కూడా నిలవలేదు. "ఎక్కాలు చెప్పి చెప్పి నోరు కాయ కాసింది వదినా. పెద్ద లెక్కలు మరిచిపోతాండా" అని ఎం.ఏ. లెక్కలకు ప్రైవేటుగా కట్టింది. పగలు బడి, సాయంత్రం చదువు.

ఆ కాలంలోనే నంద్యాలలో ఆడపిల్లలకు ఒక కొత్త కాలేజీ వస్తాందని మాట పుట్టింది. డెబ్బై తొమ్మిది జూన్‌లో తెరుస్తారంట. లెక్కలు చెప్పను ఆడమనిషే కావాలంట, ఎం.ఏ.లో సెకండు క్లాసు ఉండాలంట. అట్లాంటి ఆడపిల్లలు మా తావున యాడుంటారు? "నీకోసమే కడతాండారు పోమ్మా కాలేజీ" అని మా ఆయన మురిసిపోయినాడు. లూదియా నోరు తెరిచి ఏదీ అడిగిన పిల్ల కాదు. పండక్కి చీర రంగు కూడా అడగదు. ఆ ఉద్యోగం మాత్రం అడిగింది. ప్రార్థనలో, నేను పక్కనుండంగానే, పైకి అడిగింది.

ఎం.ఏ. పుస్తకాలు ఇంగ్లీషు. పట్టుకోను నాకు రాదు. ఆమె రాగం తీస్తాంటే నేను వేరుశనగ బుడ్డలు ఒలుస్తా వినేదాన్ని. మొదటి ఏడాది అట్లే గట్టెక్కింది. రెండో ఏడాది, డెబ్బై ఎనిమిదిలో, ఒక పేపరు పోయింది.

ఎట్ల పోయిందో ఆమే చెప్పింది, గోడ వైపు తిరిగి పండుకొని. బాగా నోటికొచ్చిన సిద్ధాంతమే పరీక్షలో కనబడిందంట. కనబడిందే చాలని ఊపిరి తీసుకోకుండా పేజీలకు పేజీలు రాసేసింది. బయటికొచ్చి ప్రశ్న మళ్లీ చదివితే, వాళ్లడిగింది వేరే. ఆ సిద్ధాంతంలో ఒక గీత ఉంటుందంట, దాని రెండు చివర్లూ లెక్కలో చేరి ఉండాలంట. ప్రశ్నలో ఆ చివర్లు తీసేసి, ఇప్పుడు ఆ మాట నిలబడదని చూపించు అన్నారంట. ఈమె నిలబడుతుందని రుజువు రాసొచ్చింది.

"అబద్ధానికి సాక్ష్యం చెప్పినా వదినా."

"కోర్టులో చెప్పలేదు కదమ్మే. లే, సంగటి సల్లారిపోతాంది."

లేవలేదు. నా మాట వినకపోవడం ఆ పిల్లకు అదే మొదలు.

బి.ఎస్సీ.లో ఆమెకు పాఠం చెప్పినాయన లక్ష్మీనారాయణ సారు. మనిషి పొగాకు కాడ లాగుంటాడు, ఆయన ఇంట్లో పుస్తకాలకే చోటు, మనుషులు సర్దుకోవాల. ఒక ఆదివారం ఆరాధన అయినాక ఇద్దరం నంద్యాల బస్సెక్కితిమి. సారు అంతా విని, లోపలికి పోయి, మూడు పుస్తకాలు తెచ్చి చాప మీద పెట్టినాడు.

"ఇది గైడు. పాత ప్రశ్నలూ, వాటి జవాబులూ. ఇది చదివితే వచ్చే ఏప్రిల్లో సెకండు క్లాసు ఖాయం. ఇది..." అని సన్నటి నల్ల అట్ట పుస్తకాన్ని ముట్టుకొని, "పెద్దవాళ్ల పుస్తకం. మా ప్రొఫెసరు దీన్ని తప్ప ఇంకోటి చదవనిచ్చేవాడు కాదు. ఈ లావుది కొత్తగా నేర్చుకునేవాళ్లకు రాసింది. అట్లని సులువు కాదు. ఏదీ దాటెయ్యదు, ప్రతి మాటా పునాది నుంచి కట్టుకుంటా వస్తుంది" అన్నాడు.

"ఆ లావుది చదివితే యే క్లాసొస్తాది సారూ?" నేనడిగినా.

"వస్తుందమ్మా, మంచి క్లాసే వస్తుంది. యే ఏప్రిల్లో అని మాత్రం అడగొద్దు."

ఆ మాట ఆయన నవ్వుతా అన్నాడు. నాకు నవ్వు రాలేదు. అయినా మూడూ సంచిలో వేసుకొని వస్తిమి.

లూదియాకు పౌరుషం. ముందు నల్ల అట్టదాన్నే పట్టుకునింది. దాని మీద పడి నెల పోగొట్టింది. ఒకరోజు విసిగిపోయి, "వదినా, వీడు పేజీ పేజీకీ 'ఇది తెలిసిందే' అని రాసి ముందుకు పోతాడు. నాకు తెలీదే! తెలుసుకోను ఒక్కోదానికి రెండు రోజులు పడతాంది" అనె.

"మా మేనత్త పెట్టే భోజనం మాదిరుందే. 'మీరు తినే వచ్చింటారు లే' అని విస్తరే వెయ్యదు."

పరీక్ష పోయినాక ఆ పిల్ల నవ్వడం అదే మొదలు. నవ్వి, ఆ పుస్తకానికి దుమ్ము తుడిచి గూట్లో పెట్టింది. "ఇది మంచి పుస్తకమే వదినా. నాకు ఇప్పుడు కాదు" అని దానికి మర్యాదగా సెలవు చెప్పింది.

ఆ తర్వాత గైడు. అది పట్టుకుంటే బండి సిమెంటు రోడ్డెక్కినట్టే. ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు. రెండు వారాల్లో ఇల్లంతా పాత రాగంతో నిండిపోయింది. నాకు ప్రాణం కుదుటపడింది. హమ్మయ్య, పిల్ల దారిలో పడిందిలే అనుకుంటి.

పడలేదు. ఒక సాయంత్రం నేను మునక్కాయలు కోస్తాంటే ఆ లావు పుస్తకం తెచ్చుకొని నా ఎదురుగా కూర్చునింది. "వదినా, ఇది ఒప్పజెప్పను రావడంల్యా. నీకు తెలుగులో చెప్తా, విను" అనె.

"చెప్పు. నా చెవులకేం పని."

"ఒక గీత మీద నేను నీ దగ్గరికొస్తాండా. యెంత దగ్గరికి రావాల్నో నువ్వే చెప్పు."

"జానెడు."

"వచ్చినా. ఇంకా తక్కువ చెప్పు."

"బెత్తెడు."

"వచ్చినా."

"వెంట్రుకవాసి."

"దానికీ వచ్చినా. నువ్వు యెంత సన్నంది చెప్పినా నేను వస్తా. అదే నేనిచ్చే మాట."

"మరి ముట్టుకుంటావా?"

"ముట్టుకోవాల్సిన పనిలేదు."

"ముట్టుకోకుండా ఏం రావడమమ్మే? పెండ్లిచూపులా?"

ఆమె ఏదో చెప్పబోయి ఆగిపోయింది. తల గీరుకునింది. "ఉండు, తప్పు చెప్పినా" అని పుస్తకంలోకి పోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ ఆగింది. చేతులు ఊపింది. మునక్కాయ ముక్కలు వరసగా పేర్చి, నా మీదికే గొంతు లేపి, కాదు కాదని తనే కొట్టేసుకునింది. నాకు అర్థమైందనుకునేరు, ఒక్క ముక్క కాలేదు. చూసి చూసి, "ఏందీ వాలకం? మొన్న గైడు చదివేటప్పుడు సక్కగా కీర్తన రాగం తీస్తాంటివి. ఈ పొద్దు సంతలో కూరగాయలమ్మితో గొడవ పెట్టుకున్నట్టు మాట్లాడతాండావ్. ఇది చదువేనా?" అంటి.

ఎగతాళికన్న మాట అది. ఆ పిల్ల ముఖం మారిపోయింది. మరుసటి పొద్దున గైడుకు పాత పేపరు చుట్టి, దారం కట్టి, నంద్యాల పోయే మా ఆయన చేతికిచ్చి సారుకు ఇచ్చి రమ్మనింది.

ఆ రోజు మా ఇంట్లో పొయ్యి మీద కుండకంటే నేనే ఎక్కువ ఉడికినా.

"మతి పోయిందేమే నీకు? ఏప్రిల్ దాకా గైడు చదివి ఉద్యోగం తెచ్చుకో. ఆ తర్వాత నీ లావు పుస్తకం తలకింద పెట్టుకొని పండుకో, ఎవరొద్దన్నారు?"

"రాగం తీసే నోటితో నంద్యాలలో ఆ పిల్లలకు ఏం చెప్తా వదినా? వాళ్లతోనూ రాగమే తీయించాలా?"

"తీయించు! రాగం తీసి నువ్వు టీచరు కాలేదా?"

"అయినా. అబద్ధానికి సాక్ష్యం కూడా చెప్పినా."

మా ఆయన తువ్వాలు దులుపుకొని బయటికి పోయినాడు. ఆడోళ్లిద్దరూ గట్టిగా మాట్లాడుకునే తావున ఆయన నిలబడడు. ఆ గుణం ఒక్కటి మంచిది ఆయనకు.

ఇంక ఆ ఏడాది నా ఇల్లు నా ఇల్లు కాకపోయె. లావు పుస్తకంలో పాఠం చివర లెక్కలుంటాయి, వాటికి జవాబులు యాడా ఉండవు. "మరి రైటో తప్పో ఎవరు చెప్తారు?" అంటే, "నాకు నేనే చెప్పుకోవాల" అనేది. కాగితాలు చాలక సుద్దముక్కతో ఇంట్లో నాపరాళ్ల నేల మీదనే చేసేది. బండ నిండితే పక్క బండ. నేను చీపురు పట్టుకొని వస్తే చేతులడ్డం పెట్టేది. "ఆ మూల ఊడ్చొద్దు వదినా, ఇంకా తెగలేదు." తెగని లెక్క వారాల తరబడి అట్లే ఉండేది. మేం దాని చుట్టూ నడిచేవాళ్లం. ఒకసారి మా ఇంట్లో కూడిక ప్రార్థన పెడితే చర్చి ఆడోళ్లంతా వచ్చి, ఆ మూల చూసి మూతులు తిప్పుకున్నారు. "జీవమ్మా, అదేం ముగ్గు?" అని రంగనాయకమ్మ అడిగింది. ఆమె ఎదురింటామె, మా మతం కాదు గానీ ప్రార్థన అయినాక పంచే బెల్లం బుడ్డలకు వస్తుంది. "ముగ్గు కాదు, మా ఆడబిడ్డ ఆలోచన. తొక్కితే ఊరుకోను" అంటి. ఇంట్లో తిట్టేది నేనే గానీ, బయటోళ్లతో తిట్టించుకునే పిల్లనా అది?

కొన్నిసార్లు ఆమె పొద్దున్నే కళ్లాపి చల్లే నా చెయ్యి పట్టుకొని లోపలికి లాక్కొచ్చేది. "తెగింది వదినా!" ముఖం చూస్తే బిడ్డను కన్నదానిలాగుండేది. అప్పుడు మొదటినుంచి చెప్పేది. ఆగేది కాదు, రాగమూ ఉండేది కాదు. ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పేది. నేను ఊఁ కొట్టేదాన్ని. చెప్పడం అయినాక ఆ మూల నేనే కడిగేదాన్ని.

ఏప్రిల్ వచ్చేసింది. లావు పుస్తకం సగం కాడ ఉంది.

పరీక్ష రాసింది. ఆ సగంలో అడిగినవన్నీ రాసిందంట, తక్కిన సగంలో అడిగినవాటిని ముట్టుకోలేదంట. "గైడులో చూసిన జవాబులు రెండు గుర్తుకొచ్చినాయి వదినా. రాయబుద్ధి కాలేదు" అనె. నా చెయ్యి నెత్తిన మొట్టికాయకు లేచింది గానీ, అంత పిల్లను యాడ మొట్టేది? ఫలితాలొచ్చినాయి. పాసైంది. థర్డు క్లాసు. నంద్యాల ఉద్యోగం అనంతపురం నుంచి వచ్చిన ఎవరో అమ్మాయికిచ్చినారు.

లూదియా ఏడ్చింటే నేను ఊరుకుందును. ఏడ్వలేదు. జడేసుకొని బడికి పోయింది, రెండో ఎక్కం చెప్పొచ్చింది. ప్రార్థనలో ఇంక ఏమీ అడగలేదు. ఒక శనివారం, రైక గుడ్డ తెచ్చుకుంటానని చెప్పి నంద్యాల బస్సెక్కి నేరుగా సారింటికి పోతి.

గడప బయటినుంచే ఎత్తుకుంటి. "సారూ, నీకు న్యాయమేనా ఇది? నోటికాడ కూడు తీసేస్తివే మా పిల్లకు! మూడు పుస్తకాలు ముందర పెట్టమని నిన్నెవరడిగినారు? గైడొక్కటే ఇచ్చి పంపింటే నీ సొమ్మేం పోయింది? ఈ పొద్దు ఆ కాలేజీలో మా పిల్ల ఉండాల్సిన చోట ఇంకొకామె నిలబడింది. చదువుకున్నోళ్లు మీరు సల్లగా ఉంటారు. ఎక్కాలు చెప్పుకుంటా ముసలిదయ్యేది మా పిల్ల!"

వీధిలో ఇద్దరు ఆగి చూసినారు. చూడనీ అనుకుంటి. సారు అరుగు మీదనుంచి లేచి చేతులు జోడించినాడు. ఆయన భార్య కమలాక్షమ్మ వచ్చి, ఏమీ అనకుండా నన్ను రెక్క పట్టుకొని లోపలికి తీసుకపోయి కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. తాగి, పెద్దకులాలోళ్ల ఇండ్లలో అలవాటు కొద్దీ గ్లాసు కడగను లేస్తే, చేతిలోంచి లాక్కునింది. "మా ఇంట్లో గ్లాసులు మేమే కడుక్కుంటాం, కూర్చో" అనె. నా కోపం అక్కడ సగం దారి తప్పింది.

అప్పుడు సారు మెల్లగా అన్నాడు. "ఫలితాలొచ్చిన మరుసటి రోజు లూదియా ఈడికొచ్చింది, మీకు తెలుసా?"

తెలీదు. బడినుంచి ఆలస్యంగా వచ్చింది ఆ రోజు. ఇన్‌స్పెక్షను అనింది.

"ఉద్యోగం పోయిందని చెప్పడానికి వచ్చిందేమో, ఏం సమాధానం చెప్పాలా అని నాకు చెమటలు పట్టినాయమ్మా. ఆమె ఆ మాటే ఎత్తలేదు. లావు పుస్తకం తక్కిన సగం ఇంకో రెండు నెలల్లో అయిపోతుంది సార్, దాని తర్వాత ఏది చదవాలా అని అడిగింది." ఆయన కండ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు. "పరీక్షకు ముందు పుస్తకం అడిగినవాళ్లు నాకు వందమంది. పరీక్ష అయిపోయినాక అడిగినవాళ్లు లేరు. తీసుకపోయింది తిరిగిచ్చేవాళ్లే తక్కువ."

"అడిగితే ఇయ్యకపోతివా మరి?"

"నా దగ్గర లేదు. తిరుపతిలో మా స్నేహితునికి రాస్తే నిన్ననే పంపినాడు. నేనే ఆళ్లగడ్డకు వచ్చి ఇయ్యాలనుకుంటాండా."

గూట్లోంచి తీసి నా ఒళ్లో పెట్టినాడు. పాతది, ముందుదానికంటే లావు. కొట్లాటకు పోయినదాన్ని, అట్ట మీద చెయ్యి పెట్టి, "ఇది ఏదీ దాటెయ్యదు కదా సారూ?" అంటి. ఆయన గట్టిగా నవ్వినాడు. ఈసారి నాకూ వచ్చింది నవ్వు.

బస్సులో సీటు దొరికింది. పుస్తకాన్ని కొంగుతో కప్పుకొని కూర్చుంటి. పక్కనామె అంచు చూసి బైబిలనుకొని, "ఏమక్కా, ప్రార్థన కూటానికి పోయొస్తాండావా?" అనె.

"కాదు. లెక్కల పుస్తకం. మా ఆడబిడ్డది."

"పరీక్షలా?"

"పరీక్షలు ఎప్పుడో అయిపోయినాయి" అంటి, తల ఎత్తి. ఆమెకు అర్థం కాలేదు. నేను అర్థం చేయబోలేదు.

ఇంకో నాలుగేండ్లకు లూదియా చాగలమర్రి హైస్కూలుకు లెక్కల టీచరుగా పోతుందని ఆ రోజు ఎవరికి తెలుసు? యే పుస్తకం కొనాల్నో అడగను రెడ్లింటి ఆడపిల్లలు కూడా మా అరుగెక్కుతారని, ఈమె పుస్తకం పేరు చెప్పకుండా, ముందు ఒక పేజీ చదివి నీ మాటల్లో చెప్పు అని వాళ్ల ప్రాణం తీస్తుందని ఎవరికి తెలుసు? ఆళ్లగడ్డ వచ్చేదాకా నా ఆలోచనంతా ఒకటే. ఈ పిల్ల నాతో అబద్ధం చెప్పి నంద్యాల పోయింది, నేను ఆమెతో అబద్ధం చెప్పి నంద్యాల పోతి. ఎవరు ఎవర్ని తిట్టాల?

ఇల్లు చేరేసరికి ఆమె బడినుంచి వచ్చి గడపలో కూర్చోనుంది. పుస్తకం తీసి ముందర పెడితి. చూసింది. నన్ను చూసింది. రైక గుడ్డ యాడ అని అడగలేదు. లేచిపోయి, చేతులకున్న సుద్ద పోయేదాకా కడుక్కొని, కొంగుకు తుడుచుకొని, అప్పుడు ముట్టుకునింది. పేజీ తెరిచింది. ఇంక మనిషి లేదు.

"సంగటి పెట్టినా, రా."

"ఒక్క పేజీ వదినా."

"నీ పేజీలు నాకు తెలుసులే."

పళ్లెం తెచ్చుకొని నేనే పక్కన కూర్చుంటి. సంగటి పప్పులో అద్ది ముద్ద చేసి నోటి కాడ పెడితే, చిన్నప్పటి మాదిరే చూడకుండానే నోరు తెరిచింది. ఇంకో ముద్ద పెడితి. పళ్లెం ఖాళీ అయింది. పేజీ మాత్రం తిరగలేదు.